అత్తమ్మ గోచి చీర

మా అత్తమ్మకు తొమ్మిది గజాల చీర తప్ప వేరే బట్ట తెలియదు. ముందు కుచ్చిళ్లు పెట్టి, వాటిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి, నడుము దగ్గర దోపి గోచి కట్టేది. ఆ కట్టుతోనే కంది చేలో కలుపు తీసింది, ఆ కట్టుతోనే పెళ్లిళ్లకూ పోయింది. మొన్నటి వానకాలం చేను గట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. నారాయణఖేడ్‌లోని మా ఇంటికి తెచ్చుకున్నాం. కాలికి పిండికట్టు ఉంది కదా, తేలికని నైటీ తొడిగాను.

కట్టు విప్పిన రోజు డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. రోజూ నడవాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుంది, ఇక మంచమే దిక్కు. వాకర్ కొన్నాం. అత్తమ్మ మంచం దిగితే ఒట్టు!

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "ఏంది అత్తమ్మా నీ జిద్దు? జన్మంతా మంచంలనే ఉంటవా?" అని అరిచాను.

"గీ సంచి ఏసుకొని వాకిట్లకు ఎట్ల వస్తనే? నా ఇజ్జత్ పోదా?" అంది.

సరే, మహాతల్లీ అనుకుని నా ఆరు గజాల చీర కట్టాను. అడుగు వేసిందో లేదో అంచు వాకర్ కాలి కింద పడింది. ఆమె తూలి మంచం మీద కూలబడింది. మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. "కాళ్లకు అడ్డం వడ్తుందే. మళ్ల వడితె ఇగ లేవ" అంది మెల్లగా. మొండితనం అనుకున్నది భయమని అప్పుడర్థమైంది. నా కోపమంతా ఎటు పోయిందో!

గోచి కట్టాల్సిందే. తనే కట్టుకోవాలంటే అంతసేపు నిలబడలేదు. నాకేమో రాదు. "ముందుగాల నువ్వు కట్టుకో, నేను చెప్త" అంది. తలుపు గడియ పెట్టి తొమ్మిది గజాలతో కుస్తీ పట్టాను. మంచం మీంచి ఒకటే హుకుంలు: "ఇంక గట్టిగ గుంజు! సిగ్గేందే, నేనే కదా ఉన్న!" గుంజి దోపాను. గర్వంగా కుర్చీలో కూర్చున్నాను. వెనక దోపిన కొస కాస్తా ఊడి జారిపోయింది.

"జర వంగి దోపాలె పోరీ! నిలవడి దోపితె కూసున్నప్పుడు ఊడదా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. పడిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నాకూ నవ్వాగలేదు.

మర్నాడు పొద్దున ఆమెను గోడకు ఆనించి నిలబెట్టి కట్టాను. వంచే దోపాను. ఆమె చేయి వెనక్కి పెట్టి తడిమి చూసుకుంది. "గట్టిగనే ఉంది" అని వాకర్ అందుకుంది.

గది దాటింది. వాకిట్లోకి వచ్చింది. అంచు పిక్కల మీదే ఉంది, కాళ్లకు ఏదీ తగలడం లేదు. పక్కింటామె గోడ మీంచి "ఓ అవ్వా, లేచినవా!" అని కేకేసింది. అత్తమ్మ తలూపిందే కానీ ఆగలేదు. నాకు కన్నీళ్లు ఆగలేదు. "ఇయ్యాల్టికి చాలు అత్తమ్మా, ఇగ మర్లుదాం" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"ఏడ్సుడు తర్వాత. ముందు గేటు తియ్యి."