బ్యాటరీ గడియారాల బద్ధశత్రువు

మా బావకి లోకంలో ఎవరితోనూ గొడవల్లేవు, ఒక్క బ్యాటరీ గడియారంతో తప్ప. దాన్ని ఆయన గడియారం అని కూడా అనడు. "ఆ వస్తువు" అంటాడు. ముప్ఫై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్న మనిషి కదా, కొట్టుకి వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఆ వస్తువులే తెస్తారు. ఆయన ఒక్కొక్కరికీ బ్యాటరీ వేసి, చీవాట్లు పెట్టి మరీ పంపిస్తాడు.

నా కళ్లద్దాల కొట్టు ఆయన కొట్టుకి ఆనుకునే ఉంది. అందుచేత ఆ చీవాట్లన్నీ నాకు కంఠతా వచ్చు.

"దీని పొట్టలో ఏముందో తెలుసామ్మా?" అని మొదలుపెడతాడు.

"తెలీదండీ. ఆగిపోయింది, అంతే."

"చిన్న రాయి ముక్క. క్వార్ట్జ్ అంటారు. బ్యాటరీ కరెంటిస్తే వణుకుతుంది. సెకనుకి ముప్ఫై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది సార్లు! పక్కన ఓ చిప్ కూర్చుని ఆ వణుకులన్నీ లెక్కపెడుతుంది. లెక్క పూర్తవగానే మోటారుకి ఒక తోపు. ముల్లు ఒక గెంతు. మళ్లీ ఒకటి నుంచి లెక్క. ఇదీ ఒక బతుకేనా?"

"టైము కరెక్టుగానే చూపిస్తుందండీ."

"చూపిస్తుంది. అదే దాని పొగరు!"

ఇంట్లో గోడకున్నదీ, ఆయన చేతికున్నదీ, రెండూ కీ ఇచ్చే గడియారాలే. మా అక్క మాత్రం బీరువాలో దుప్పట్ల వెనక ఓ ప్లాస్టిక్ బ్యాటరీ గడియారం దాచుకుంది. పిల్లల్ని బడికి పంపాలంటే గోడవైపు చూడదు, గబగబా వెళ్లి బీరువా తలుపు తీస్తుంది.

ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను. "బావా, నీ గడియారం రోజుకి పదిహేను సెకన్లు తేడా వస్తుంది. నా బ్యాటరీదానికి నెలకి కూడా అంత రాదు. ఇంకా ఎందుకు దాన్ని తిడతావ్?"

"మనిషన్నాక ఓ రోజు ముందు లేస్తాడు, ఓ రోజు వెనక లేస్తాడు. స్ప్రింగైనా అంతే. మనం చుట్టిన స్ప్రింగు మెల్లగా విచ్చుకుంటూ చక్రాల్ని తిప్పుతుంది. ఇటూ అటూ ఊగే బుల్లి చక్రం ఆ పరుగుని ఆపి ఆపి వదులుతుంది. సెకనుకి ఐదు టిక్కులు. అందుకే ఇందులో ముల్లు గెంతదు, పాకుతుంది. చూడు, ఎంత ముచ్చటగా ఉందో!"

"పాకినా గెంతినా చివరికి పన్నెండు మీదికే కదా బావా వచ్చేది?"

ఆ మాటకి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు కళ్లద్దాల స్క్రూ ఊడిపోతే ఏమీ ఎరగనట్టు వచ్చాడు.

ఇలాంటి మనిషికి సరిజోడు దొరికారు డ్రైవరు గారు. నలభై ఏళ్లు రైలింజను నడిపి రిటైరైన పెద్దాయన. భార్య పోయాక గది దాటి బయటికి రావడం మానేశారు. కోడలు ఆయన పాత చేతిగడియారం చూపించే వంకతో ఎలాగో కొట్టుదాకా తీసుకొచ్చింది.

"మామయ్యగారు గుమ్మం దాటి ఎనిమిది నెలలైందండీ. మళ్లీ ఎప్పుడు దాటుతారో" అంది నాతో పక్కకొచ్చి, గొంతు తగ్గించి.

బావ ఆ గడియారాన్ని వెనకా ముందూ చూశాడు. "అయ్యా, దీనికి మీరు కీ ఇవ్వకూడదు. స్ప్రింగు పాతబడింది, చెయ్యి తేడా వస్తే తెగిపోతుంది. రోజూ పొద్దున్న పదింటికి తీసుకురండి, నేనిస్తాను."

ఇదెక్కడి చాదస్తం అనుకున్నాను. కానీ డ్రైవరు గారు మర్నాడు పదింటికల్లా వచ్చారు. నాలుగేళ్లపాటు వస్తూనే ఉన్నారు. వచ్చి బావ చేత కీ ఇప్పించుకుని, టీ తాగి, ఇద్దరూ కలిసి గంటసేపు ఆ వస్తువుల్ని తిట్టుకుని, హాయిగా ఇంటికెళ్లేవారు.

ఓ రోజు ఆ గడియారం కాస్తా స్నానాలగదిలో రాతి గచ్చు మీద పడింది. కోడలు పరుగున తెచ్చింది.

"మామయ్యగారు మళ్లీ మంచమెక్కేశారండీ. 'ఇంక నాకు పనేముంది' అంటున్నారు."

మూత తీసి చూస్తే ఊగే చక్రం ఇరుసు విరిగిపోయింది. అలాంటివి తయారుచేయడం మానేసి ఎన్నో ఏళ్లయింది. బావ నాలుగు బజార్లు తిరిగి ఉత్తచేతులతో వచ్చాడు. అయినా కోడలికి కబురు పంపాడు. "ఎల్లుండి పదింటికి ఆయన్నే రమ్మనండి. నడుస్తుంది."

చెప్పిన రోజున డ్రైవరు గారు వచ్చేసరికి గడియారం నడుస్తోంది. బావ గంభీరంగా పది చుట్లు కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని, "చాలు" అన్నాడు. అది తిరిగి ఇస్తుంటే నేను సెకన్ల ముల్లు చూశాను. ఒక గెంతు గెంతి ఆగింది. మళ్లీ ఒక గెంతు.

పెద్దాయన వెళ్లగానే బావని పట్టుకున్నాను. "బావా! అందులో ఉన్నది..."

"నోర్మూయ్."

"ఆ వస్తువే కదా?"

"డయలు పాతదే. డబ్బా పాతదే. ముళ్లు కూడా అరగదీసి పాతవే తగిలించాను. లోపల మాత్రం..." అని బల్ల తుడవడం మొదలుపెట్టాడు.

"మరి కీ ఎందుకిచ్చావ్?"

"తిప్పితే ఊరికే తిరుగుతుంది, దానికేం కాదు. కీ అక్కర్లేదంటే ఆయన ఇల్లు కదిలొస్తాడ్రా?"

ఆ క్షణాన బావ మీద నాకెంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. చెబితే నెత్తికెక్కుతాడని చెప్పనూ లేదు.

కొన్నాళ్లకి డ్రైవరు గారు కొత్త అద్దాలు వేయించుకోవడానికి నా కొట్టుకొచ్చారు. అద్దాలు పెట్టుకుని, చేతిగడియారం చూసుకుని నవ్వారు.

"మీ బావ ఇందులో బ్యాటరీ పెట్టాడు కదూ?"

నేను అద్దాల పెట్టె సర్దడంలో పడ్డాను.

"సెకన్లు చూసి బండి నడిపినవాణ్ని బాబూ. ముల్లు పాకుతోందో గెంతుతోందో తెలీదా?"

"మరి రోజూ కీ కోసం వస్తున్నారు..."

"ఆయన అంత శ్రద్ధగా తిప్పుతుంటే తెలుసని ఎలా చెప్పను? పాపం, ఆ బ్యాటరీ తన చేత్తో తనే పెట్టాడు. నాకు తెలిసిందంటే ఆ మనిషి తలెత్తుకోగలడా?"

సరిగ్గా పదైంది. పెద్దాయన లేచి పక్క కొట్టుకి నడిచారు. నేనూ వెనకే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. బావ కీ తిప్పుతూ కనుబొమలు ముడిచాడు.

"ఇవాళ స్ప్రింగు కాస్త బిగుసుకున్నట్టుందండీ."

"మీ చెయ్యి పడిందిగా, సర్దుకుంటుంది లెండి" అన్నారు డ్రైవరు గారు.