రెండు ముళ్ళూ ఒక్కసారే లేచిన రోజు

పెళ్ళయి తాండూరుకు వచ్చాక నాకు అందరికన్నా ముందు దోస్తీ కుదిరింది మా పప్పుల దుకాణం పికప్పు బండితోనే. అరవయ్యో దశకం మొదటి రోజులవి. మిలిటరీవాళ్ళు వాడి వదిలేసిన ఆ బండిని మా ఆయనే నడిపేవాడు. కందిపప్పు మూటలతో వికారాబాదుకు పోయేటప్పుడు నన్నూ పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

ఆ ఏడు వానలకు ముందు బండికి లోపలా బయటా ఆకుపచ్చ రంగు వేయించాడు. అప్పటినుంచి స్టీరింగు ముందున్న మీటర్లు మతి తప్పాయి. ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా పోయేది. ఆయన పరేషానై బండి ఆపి చూస్తే ఇంజను మామూలుగానే ఉండేది. పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే ఊగేది. ట్యాంకులో పుల్ల ముంచి చూస్తే తప్ప ఎంత ఉందో తెలిసేది కాదు. మిస్త్రీ ఆ ముల్లును ఆడించే, ట్యాంకులో తేలే బుడ్డిని మార్చాడు. గుణం కనిపించలేదు.

ఒక మధ్యాహ్నం అనంతగిరి మలుపుల్లో మబ్బు దిగింది. ఆయన లైట్లు వేశాడు. రెండు ముళ్ళూ ఒక్కసారే పైకి లేచాయి.

"జర లైట్లు బంద్ చెయ్యి," అన్నాను. ముళ్ళు దిగాయి. "మల్ల వెయ్యి." లేచాయి.

"ఏందే, దారి జూడనియ్యి," అని విసుక్కున్నాడు.

"లైట్లేస్తే పెట్రోలు పెరుగుతదా? ఇంజన్ల ఏం ఖరాబు లేదు. గీ ముండ్లకు, లైట్లకు కలిసిన తీగ ఏదో వదులైంది."

 మలుపు దాటాక ఆయన బండి పక్కకు తీసి, బ్యాటరీ తీగ విప్పి, మీటర్ల వెనక తల దూర్చాడు.

"ముండ్లకు, లైట్లకు కలిపి ఉన్న ఎర్తు తీగను రంగేసినోళ్ళు రంగు మీదనే బిగించిర్రు. ఇనుముకు తగుల్తనే లేదు," అన్నాడు లోపలినుంచి.

జామకాయలు కోసుకునే కత్తి అందించాను. ఇనుము మెరిసేదాకా గీకాడు. నేను తీగ పట్టుకుంటే బిగించాడు. బ్యాటరీ తీగ తగిలించి బండి స్టార్టు చేశాక, ఈసారి లైట్లు వేసినా ముళ్ళు కదలలేదు. వేడి ముల్లు మధ్యలో కుదురుగా నిలబడింది. పెట్రోలు ముల్లు మాత్రం అడుగుకు జారిపోయింది.

"గిది ఇంక ఖరాబే ఉన్నది," అన్నాడు.

దిగి పుల్ల ముంచి చూశాను. కొస మాత్రమే తడిసింది.

"ఖరాబు గాదు. నిజం జెప్తున్నది."

ఇద్దరం ఆ ముల్లునే చూసుకుంటూ వికారాబాదు పెట్రోలు బంకు దాకా పోయాం. ఆయన దారంతా నవ్వుతూనే ఉన్నాడు. వారం తర్వాత మిస్త్రీ మా దుకాణానికి వచ్చాడు. యాలాల్ నుంచి ఒక బండి రిపేరుకు వచ్చిందట.

"అన్నా, మీటర్లు సమజైతలేవు. అక్కను ఒక్కసారి తోల్కరా," అన్నాడు.

నేను కొంగు నడుముకు దోపి బయలుదేరాను.