బుర్గి తిట్టని ఏడాది

మా అన్న కూతురు నోట్‌బుర్గాకు, అంటే మా బుర్గికి, ఇరవై ఏళ్లుగా స్కీలకు మైనం పూసేదీ, అంచులు నూరేదీ నేనే. మా టిరోల్ కొండల్లో ఆడపిల్ల మంచు మీద జారడం వింతేం కాదు. కానీ గంటకు నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో దిగుతూ ఎక్కడా బెదరని పిల్ల మా లోయలో అదొక్కతే. పదకొండో ఏట తొలి పందెం గెలిచి, కిందికి రాగానే నన్ను పట్టుకుంది.

"ఎడమ స్కీ మొద్దుబారింది బాబాయ్. మా ఇంట్లో గడ్డి కోసే కొడవలి నయం."

అలా మొదలైన తిట్లు ప్రపంచ కప్పు పందేలు తొమ్మిది గెలిచినా ఆగలేదు. గెలిస్తే తిట్టేది, ఓడితే తిట్టేది. నేను మాత్రం తక్కువ తిన్నానా? "కాళ్లు వంకరగా పెట్టి నా అంచుల్ని అంటావేమే" అనేవాణ్ణి.

పోయిన జనవరిలో మా ఊరి కొండ మీదే, దూడగుంత అనే పల్లంలో పడింది. మోకాలి నరం తెగింది. ఆపరేషన్ అయ్యి, మళ్ళీ స్కీలు కట్టింది గాని, నన్ను తిట్టడం మానేసింది. ఎలా ఉన్నాయే అని అడిగితే, "బాగున్నాయి బాబాయ్, థాంక్స్" అనేది. తిట్టు కోసం మళ్ళీ అడిగేవాణ్ణి, మళ్ళీ అదే థాంక్స్. దూడగుంత దగ్గరికి రాగానే వంచిన నడుం ఎత్తేసి, వేగం తగ్గించేసేది. మా బుర్గి భయపడుతోంది.

ఈ జనవరిలో మళ్ళీ మా ఊళ్లో పందెం వచ్చింది. కోచ్ వాలెంటిన్ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"గుంతలో నిలబడిపోయే మనిషిని నేను పంపలేను బుర్గీ. ముప్పై ఒకటొచ్చాయి నీకు. నెలాఖరుకి, వచ్చే పందేల జట్టు పేర్లు ఇచ్చెయ్యాలి."

"అయితే ముందు దిగేవాళ్లలో నన్ను దింపండి" అంది బుర్గి.

పందేనికి ముందు దారి ఎలా ఉందో చూడటానికి ఇద్దరు ముగ్గురిని దింపుతారు. వాళ్లకు టైము ఉండదు, చప్పట్లు ఉండవు. పదహారేళ్ల పిల్లలు చేసే పని.

"అక్క మళ్ళీ ఒకటో క్లాసులో చేరిందే" అంది జట్టులో ఒకతి. నాకు ఒళ్లు మండింది.

"ఒకటో క్లాసులో తప్పినా ఎవరూ అడగరులే" అంది బుర్గి.

పందెం రోజు నేనూ, వాలెంటినూ దూడగుంత పక్కన నిలబడ్డాం. బుర్గి వచ్చింది. గడ్డం మోకాళ్లకు ఆనేలా ముడుచుకుని గుంతలోకి దిగింది, ఎగిరింది, అవతల వాలింది. నడుం ఎత్తలేదు. దాచడమెందుకు, నేను ఏడ్చాను. వాలెంటిన్ జేబులోంచి జట్టు కాగితం తీసి, కొట్టేసిన బుర్గి పేరు మళ్ళీ రాసుకున్నాడు.

ఆ మాట చెబుదామని నేను కిందికి జారుతూ వెళ్లాను. బుర్గి ఒగరుస్తూ హెల్మెట్ తీసింది. నన్ను నోరు తెరవనిస్తేగా. ఎడమ స్కీ నా చేతిలో కుక్కింది.

"ఇదేం నూరుడు బాబాయ్? గుంతలో నన్ను చంపేసేవాడివి. కళ్లు ఆనకపోతే చెప్పు, వేరేవాణ్ణి చూసుకుంటా."

"అలాగేనమ్మా" అన్నాను. స్కీ భుజాన వేసుకున్నాను.

ఇంటికి తెచ్చి, ఆ అంచు మీద వేలు పెట్టి చూశాను. వేలు తెగింది. అయినా కూర్చుని మళ్ళీ నూరాను.