పాస్టరుగారి మాట అప్పజెప్పిన రోజు

నా చిన్నప్పుడు నాలో అందరూ మెచ్చుకున్నది ఒక్కటే, నా చెవి. ఒకసారి వింటే చాలు, విన్నది విన్నట్టు తిరిగి చెప్పేసేవాణ్ణి. మా ఇంట్లో అది చిన్న విషయం కాదు. మా తాతయ్య ఘనపాఠి. అమలాపురం తాలూకాలో ఆయన దగ్గర వేదం చెప్పుకున్నవాళ్ళు చాలామంది. పుస్తకం ముట్టనిచ్చేవారు కారు. తెల్లవారుజామున ఎదురుగా కూర్చోబెట్టుకుని తను ఒకసారి చెబితే మేం రెండుసార్లు అనాలి. దాన్ని సంత చెప్పడం అంటారు. అక్షరం పోకూడదు, స్వరం దిగాల్సిన చోట దిగాలి, ఆయన ఊపిరి తీసుకున్నచోటే మేమూ తీసుకోవాలి. తప్పు పోతే ఆయన తిట్టేవారు కారు, కళ్ళు మూసుకునేవారు. అది మాకు దెబ్బకన్నా ఎక్కువగా ఉండేది. నా విషయంలో ఎప్పుడో గాని అలా జరగలేదు. "వీడి చెవిలో జిగురుందే" అని మా మామ్మతో అనేవారు. ఆ మాటకి నేను రోజంతా ఉబ్బిపోయేవాణ్ణి.

మా తాతయ్యకి ఒక స్నేహితుడు ఉండేవారు. మా ఊరి బయట పేటలో చర్చి పాస్టరుగారు. వయసులో మా తాతయ్యకి కొడుకులాంటివారు. ఆయన తండ్రి మా కొబ్బరితోటలోనే చెట్లెక్కి కాయలు దింపేవాడట. కొడుకు మాత్రం దూరాన ఎక్కడో మతశాస్త్రం చదివి, గ్రీకు నేర్చుకుని, తిరిగి సొంత పేటకే పాస్టరుగా వచ్చారు. స్నేహం ఎలా మొదలైందో నాకు తెలియదు. డెబ్బైల మొదట్లో, నాకు ఊహ తెలిసేసరికే, ప్రతి సోమవారం మధ్యాహ్నం ఆయన మా తోటకి వస్తూ ఉండేవారు. "ఆదివారంతో నా కూలి అయిపోతుందండి, సోమవారం నాకు సెలవు" అని నవ్వేవారు.

ఇంటికి రమ్మని తాతయ్య ఎప్పుడూ పిలవలేదు. మామ్మ మడి ఒక కారణం, ఊళ్ళోవాళ్ళ నోళ్ళు ఇంకో కారణం. దింపిన కాయలు రాశి పోసే పాకలో కూర్చునేవారు, ఒక బల్ల మీద ఈయన, ఎదురు బల్ల మీద ఆయన. మాటలయ్యాక తాతయ్య కాలవలో మునిగి తడిబట్టతో ఇంటికి వచ్చేవారు. పాస్టరుగారికి ఆ సంగతి తెలుసు. ఎండ వాలుతుంటే ఆయనే లేచి, "ఇంక బయల్దేరండి ఘనపాఠిగారూ, నీళ్ళు చల్లబడిపోతే నావల్ల మీకు జలుబు చేస్తుంది" అనేవారు. తాతయ్య కూడా నవ్వేవారు. ఆ నవ్వులో ఎవరికి ఎంత నొప్పి ఉండేదో నేనప్పుడు ఆలోచించలేదు.

ఎదుటివాళ్ళ మతంలో తమకి మింగుడుపడనివే వాళ్ళు ఎక్కువగా మాట్లాడుకునేవారు. సొంత కొడుకుని బలికిచ్చిన తండ్రిని ప్రేమస్వరూపం అంటారేమిటండీ అని తాతయ్య ఒకసారి అడిగారు. పాస్టరుగారు మళ్ళీ సోమవారం వచ్చి, యజ్ఞంలో యజమాని తనకి బదులుగానే కదండీ పశువుని ఇచ్చేది, ఇక్కడ ఇచ్చినవాడూ తనే, పోయినవాడూ తనే అనుకుని చూడండి అన్నారు. తాతయ్య చుబుకం రుద్దుకుంటూ, ఇంకోసారి చెప్పండి అన్నారు. ఇంకోసారి పాస్టరుగారు, అర్థం చెప్పకుండా పిల్లలచేత ఇలా వల్లె వేయిస్తే ఏం లాభమండీ అని అడిగారు. "మీ అమ్మని అర్థం తెలిసేకే అమ్మా అని పిలిచేరా మీరు?" అన్నారు తాతయ్య. పాస్టరుగారు పాక అదిరేలా నవ్వి, "ఆయ్, ఈ సోమవారం మీదేనండి" అన్నారు.

నేను ఆ ఒక్క మాటే పట్టుకున్నాను. కాయల రాశి పక్కన పాఠం నెమరువేసుకుంటున్నట్టు నటిస్తూ, ఆ వారం ఎవరు గెలిచారో చూసుకునేవాణ్ణి. తాతయ్య గెలిస్తే మా దేవుడు గెలిచినట్టే. ఆ ఇద్దరూ నిజంగా తెలుసుకోవడానికే అడుగుతున్నారని నాకు తట్టలేదు.

ఒక వానాకాలంలో పాస్టరుగారి చిన్నమ్మాయి జ్వరంతో పోయింది. కొన్ని సోమవారాలు ఆయన రాలేదు. తరవాత ఒకనాడు గొడుగు కూడా లేకుండా తడుస్తూ వచ్చి కూర్చున్నారు. అప్పుడు పాస్టరుగారు ఒక మాట అన్నారు. ఆ వాక్యం, మధ్యలో ఆయన గొంతు ఆగినచోటుతో సహా, ఇప్పటికీ నా చెవిలో ఉంది. దాన్ని ఇక్కడ రాయను. సారం మాత్రం చెబుతాను. పిల్ల పోయిన దగ్గర్నుంచీ చర్చిలో నిలబడి అందరికోసం ప్రార్థన చేస్తూనే ఉన్నారట. ఇంటికి వెళ్ళి ఒంటరిగా మోకరిస్తే మాత్రం మాట రావడం లేదట. అవతల ఎవరైనా ఉన్నారన్న నమ్మకం పోయిందట.

తాతయ్య శ్లోకమేదీ చదవలేదు. కర్మ అనలేదు. "జన్మంతా వల్లిస్తూనే ఉన్నానండి. స్వరం తప్పితే తెలుస్తుంది. అవతల వింటున్నారో లేదో మాత్రం ఒక్కనాడూ తెలియలేదు. మానలేకపోయేను, అంతే" అన్నారు. పాస్టరుగారు కండువాలో మొహం దాచుకుని ఏడ్చారు. తాతయ్య లేచి ఎదురు బల్ల దగ్గరికి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు. అలా కూర్చోగా నేను అంతకుముందు చూడలేదు. ఆ సోమవారం ఎవరు గెలిచారో నాకు తేలలేదు. ఒక మనిషి ఏడుస్తుంటే నాకు కలిగింది ఆ చికాకే.

మా హైస్కూల్లో సంఘపెద్దగారి అబ్బాయి నా క్లాసే. చర్చి వ్యవహారాలు చూసే పెద్దల్లో వాళ్ళ నాన్న ముఖ్యుడు. వాడికీ నాకూ రోజూ ఏదో ఒక గొడవ. "ఏరా పిలకా, మీ దేవుడికి రోజూ స్నానం చేయించకపోతే కంపు కొడతాడేంట్రా?" అనేవాడు. "మీ దేవుడికి వారానికి ఒక్కరోజే కదరా మెలకువ" అనేవాణ్ణి నేను. చుట్టూ ఉన్నవాళ్ళు ఇద్దరికీ ఈలలు వేసేవారు. ఒకరోజు వాడు, "మా పాస్టరుగారు ప్రార్థన చేస్తే జ్వరాలు తగ్గుతాయి. మీ తాత మంత్రాలకి దోమ కూడా చావదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఓడిపోయాననిపించింది.

"మరి ఆయన కూతురి జ్వరం తగ్గలేదేం?" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగకుండా ఆ వాక్యం మొత్తం, ఆయన గొంతు దిగిన చోట దించుతూ, ఆగినచోట ఆగుతూ అప్పజెప్పాను. "అచ్చం పాస్టరుగారేరా" అన్నాడు ఎవడో. ఎవరూ నవ్వలేదు. సంఘపెద్దగారి అబ్బాయి మొహం పాలిపోయింది. గెలిచానని నాకు ఖాయమైంది.

వాడు ఇంటికి వెళ్ళి చెప్పాడు. పిల్లల మాటని కొట్టిపారేయచ్చు. కానీ ఏళ్ళ తరబడి ఆ గొంతు విన్నవాళ్ళకి, అలాంటి వాక్యం పిల్లలు కల్పించలేరని తెలుసు. పాస్టరుగారు ఆపాటికే బ్రాహ్మణ్ణి కలుస్తున్నారని పేటలో కొందరికి కోపంగా ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన్ని నిలబెట్టి అడుగుతారనీ, అమలాపురం నుంచి పైవాళ్ళు వస్తున్నారనీ, నిజమని తేలితే ఉద్యోగంతోపాటు చర్చివాళ్ళిచ్చిన ఇల్లు కూడా పోతుందనీ కాయల దింపుకి వచ్చిన మనిషి తాతయ్యకి చెప్పాడు. తాతయ్య నన్ను పిలిచి "నువ్వేనా?" అన్నారు. అవునన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు.

ఆదివారం నన్ను వెంటబెట్టుకుని పేటకి నడిచారు. మా ఇంట్లోవాళ్ళెవరూ అంతవరకూ ఆ చర్చి గుమ్మం తొక్కలేదు. లోపల చాపల మీద కూర్చున్న జనం లేచి నిలబడ్డారు. "కూర్చోండి అయ్యగారూ" అని ఎవరో కుర్చీ తెచ్చారు. తాతయ్య కూర్చోలేదు. ముందువైపు ఒక పక్కగా, నేరం చేసినవాడిలా పాస్టరుగారు నిలబడి ఉన్నారు. ఆయన భార్య ఆడవాళ్ళ వరసలో తల వంచుకుని ఉంది.

తాతయ్య చేతులు జోడించి, "ఆ మాట అన్నది నేనండి. ముసలితనంలో నాకు నమ్మకం సడలితే మీ పాస్టరుగారు నాకు ధైర్యం చెప్పేరు. మావాడు చిన్నవాడు, ఎవరి మాట ఎవరిదో కలిపేసేడు" అన్నారు.

జన్మలో ఒక్క అక్షరం మార్చి చెప్పని మనిషి ఆయన. పరాయివాళ్ళ గుడిలో, పరాయి మనిషి కోసం, తన పేరుమీద అంత మాట వేసుకున్నారు. జనంలో కాస్త కదలిక వచ్చింది. నమ్మాలని వాళ్ళకీ ఉంది. సంఘపెద్దగారు నా వైపు తిరిగి మెత్తగా, "అంతేనా బాబూ? నువ్వు పొరబడ్డావా?" అని అడిగారు.

ఊఁ అంటే చాలు. ఊరికే తలూపినా చాలు. ఆ ఇల్లు నిలిచేది.

"లేదండీ. నేను పొరబడను. తాతయ్య కాదు, పాస్టరుగారే అన్నారు" అన్నాను. అని ఊరుకోకుండా, మళ్ళీ అప్పజెప్పాను. ఆయన ముందే, ఆయన భార్య ముందే, ఆయన గొంతుతోనే.

ఎందుకు చేశానని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. చిన్నవాణ్ణి, తెలియక చేశాననడం అబద్ధం. నాకు బాగా తెలుసు. నేను తప్పు విన్నానని తాతయ్య పదిమందిలో అనడం భరించలేకపోయాను. సంఘపెద్దగారి అబ్బాయి అక్కడే కూర్చుని ఉన్నాడు; వాడి ముందు అబద్ధాలకోరుని కాకూడదనుకున్నాను. ఈ రెండే.

పాస్టరుగారు నన్ను చూడలేదు. తాతయ్యకి నమస్కారం పెట్టి, జనం వైపు తిరిగి, "ఆయ్, నా మాటేనండి" అన్నారు.

ఆయన ఉద్యోగం పోయింది. సామాను పడవకెక్కించుకుని వైనతేయ గోదావరి దాటి రాజోలు వైపు వెళ్ళిపోయారు. ఆ ఆదివారం తిరిగివస్తూ తాతయ్య కాలవలో స్నానం చెయ్యకుండా తిన్నగా ఇంట్లోకి నడిచారని రాయాలని ఉంది. కానీ చేశారు, ఎప్పటిలాగే. అయినా మా వీధి ఆయన్ని వదల్లేదు. ఘనపాఠికే నమ్మకం లేదట, చర్చిలో నిలబడి ఒప్పుకున్నాడట అన్నారు. చర్చిలో ఎవరూ నమ్మని అబద్ధాన్ని మావాళ్ళు నమ్మారు. గుడిలో పారాయణకి పిలవడం మానేశారు. అప్పుడు నేను ఇంటింటికీ తిరిగి నిజం చెప్పి ఉండాల్సింది. నన్నెవరూ అడగలేదని ఊరుకున్నాను.

తాతయ్య నాకు సంత చెప్పడం మానలేదు. చాలా రోజుల తరవాత ఒక తెల్లవారుజామున పాఠం మధ్యలో ఆపి, "వేదానికి కర్త లేడురా. అందుకే విన్నది విన్నట్టు అప్పజెబుతాం. ఆ మాటకి కర్త ఉన్నాడు కదా. అది ఆయనది" అన్నారు. వెంటనే పాఠంలో తరవాతి భాగం ఎత్తుకున్నారు. ఆ విషయం మీద నాతో ఆయన అన్నది అంతే. సోమవారం మధ్యాహ్నాలు బతికినన్నాళ్ళూ ఆ పాకలో ఒక్కరే కూర్చునేవారు.

నేను సంస్కృతం లెక్చరరునయ్యాక, ఎనభైల చివర్లో, పాస్టరుగారు రాజోలు దగ్గర ఒక చిన్న ఊళ్ళో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నారని తెలిసి వెళ్ళాను. గుర్తుపట్టి కుర్చీ వేశారు, కాఫీ ఇప్పించారు. తాతయ్య పోయారని చెబితే కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నేను క్షమించమని అడగబోతే, "చిన్నపిల్లాడివి బాబూ, వదిలెయ్యి" అన్నారు. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. "ఇప్పుడు ప్రార్థన చేసుకోగలుగుతున్నారా అండీ?" అని అడిగాను.

ఆయన నా మొహంలోకి చూశారు. "ఈ ఏడు కొబ్బరి ధర బాగా పడిపోయిందండి" అన్నారు.

తరవాత నేను చాలామందితో మాట్లాడాను. సర్వమత సమావేశాలకి పిలిస్తే వెళ్ళాను. ఫాదర్లు, మౌల్వీలు, స్వాములు, ఎవరి మతం గురించి వాళ్ళు నాకు ఎంతో చెప్పారు. అడిగితే నేనూ గంటలకొద్దీ చెప్పగలను. ఎప్పుడైనా వాళ్ళలో ఒకరు అందరూ వెళ్ళేదాకా ఆగి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి తన సొంత సంగతి మొదలుపెట్టబోతారు. ఏం రాబోతోందో నాకు తెలుస్తుంది. నేనే మాట మార్చేస్తాను. బస్సు టైమో, వర్షమో ఎత్తుతాను. ఆయన కాస్త నొచ్చుకుని, లేచి చెప్పులేసుకుంటారు. గుమ్మందాకా సాగనంపుతూ, ఈయనకి మా తాతయ్యలాంటి మనిషి ఎక్కడో ఒకచోట దొరికితే బాగుండునని కోరుకుంటాను. ఆ మనిషిని నేను కాలేకపోయాను.