పగడపురాళ్ల మసీదు నిలబడింది

2025 చలికాలం. సౌదీలో రాబిగ్ పట్నం దాటాక ఎర్రసముద్రం ఒడ్డున ఒక పల్లె. అక్కడి పాత మసీదు మా ఊరి చర్చి అంత ఉంటుంది, అంతకన్నా పెద్దదేం కాదు. సముద్రంలోంచి కోసి తెచ్చిన పగడపు రాళ్లతో, సున్నంతో కట్టారు. పాత కట్టడాలను బాగుచేసే కంపెనీలో నేను సైట్ ఇంజనీర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని. అమ్మ జెద్దాలో ఒకరింట్లో పనిచేసి చదివించింది. ఇప్పుడు ఎవరు కనబడితే వాళ్లకి ఈ కబురు చెప్పేస్తున్నాను. ఆ మసీదును కూల్చడం లేదు. నిన్ననే ఆర్డరు వచ్చింది.

గొడవంతా సముద్రం వైపు గోడతో. దానికి వేలు దూరేంత పగులు, మధ్యలో ఉబ్బు. నేను చేరకముందే పగులుకి అడ్డంగా టెల్‌టేల్ అంటించారు. అంటే సన్నటి గాజుపట్టీ. గోడ కదిలితే విరుగుతుంది. విరిగింది. దాంతో మసీదునే కూల్చి కొత్తది కట్టాలని రిపోర్టు తయారవుతోంది.

ఆ మసీదులో వయసంతా నమాజుకు పిలిచే అజాన్ ఇచ్చిన అబూ సాలిం రోజూ వచ్చి నీడలో కూర్చునేవారు. ఒకరోజు ఆయన అరబ్బీలో ఏదో అడిగితే ఫోర్‌మన్ హిందీలో చెప్పాడు. కొత్తది బాగానే ఉంటుంది గాని, అది మా తాతలు కట్టింది అవుతుందా అని. నేను గోడ వైపు తిరిగాను.

అప్పుడు కనబడింది. పట్టీ రెండు కొసలూ అంటించింది రాయికి కాదు, పైనున్న సిమెంటు ప్లాస్టర్‌కి. గోడ గట్టిగా ఉంటుందని ఊరివాళ్లే ఎప్పుడో వేయించుకున్న పూత అది. పగడపు రాయి తడి పీల్చుకుని మెల్లగా వదులుతుంది. సిమెంటు ఆ తడిని బయటికి పోనివ్వదు. వెనకాల ఉప్పు పేరుకుంటే పూతే ఊడి ఉబ్బుతుంది. మరి కదిలింది గోడా, పూతా?

మా మేనేజరుది నిజామాబాద్. కొంచెం ప్లాస్టర్ తీసి చూద్దామన్నాను.

"పెచ్చుతోని గోడ గూడ ఒస్తే? నీ డిగ్రీ అడ్డం పెడ్తవా?"

"ముందు సపోర్టులు పెడదాం సార్. రాయిలో పగులుంటే కూల్చమని రిపోర్టు నేనే రాస్తా."

కాసేపు గోడను చూసి, "సరే, తీపియ్యి" అన్నారు.

ఉలి ఆనించగానే పూత పలకలా ఊడొచ్చింది. వెనక నుంచి ఉప్పు పిండిలా రాలింది. దాని వెనక రాళ్లు వరసగా, కుదురుగా ఉన్నాయి. ఒక్క గీతైనా లేదు. అబూ సాలిం వచ్చి అరచెయ్యి రాయికి ఆనించి, చాలాసేపు తియ్యలేదు. మేనేజరు నా పక్కకి వచ్చి, "గోడకేం గాలే. అంగి చినిగింది, గంతే" అన్నారు.

తర్వాత కొత్త గాజుపట్టీని రాయికే అంటించి నెలల తరబడి చూశాం. వానలు కూడా పడ్డాయి. అది విరగలేదు. ఇక సిమెంటంతా తీసేసి మళ్లీ సున్నమే పూస్తాం.

ఇప్పుడు ఏ సైట్‌కి వెళ్లినా కొలత చూసేముందు, ఆ కొలత దేనికి అంటుకుని ఉందో చూస్తున్నాను.

నిన్న మా ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. "అంత సంబరమేంటే, అది నువ్వు కట్టావా?" అంది.

"కట్టలేదమ్మా. కూలనివ్వలేదు."

దానికి అమ్మ అంది: "నేను జెద్దాలో ఉన్నన్నాళ్లూ పనిచేసిన ఇంటి గోడలే చూశానే. ఈసారి నన్ను తీసుకెళ్లి నీ గోడ చూపించు."