ప్రైమర్ మీద పసుపు

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో మా వీధి చివర ఉండే విశ్వనాథ్‌కి వెల్డింగ్ రాదు, పెయింటింగ్ అసలే రాదు. అయినా రెండువేల తొమ్మిదిలో ఉద్యోగం పోయిన కొద్దిరోజులకే, ఎవరి పెరట్లోనో తుప్పుపట్టి పడివున్న అరవై ఏడు నాటి మస్టాంగ్ కారుని తెచ్చి గరాజ్‌లో పెట్టుకున్నాడు. బాడీ బాగుచేసి అమ్మితే, ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఇల్లు గడుస్తుందని ఆశ. షాపుకిస్తే మిగిలేదేమీ ఉండదు గనక అంతా సొంత చేత్తోనే. తుప్పు తిన్నచోట కోసి, కొత్త రేకు అతికి, లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది రుద్ది, కీబోర్డు తప్ప ఎరగని వేళ్ళు పగుళ్ళు తేలాయి.

అసలు చిక్కు కారుతో కాదు, శేషమ్మగారితో. ఆర్నెల్లు ఉండి వెళదామని వచ్చిన తల్లి. ఆవిడ తిరిగి విమానం ఎక్కేదాకా ఉద్యోగం ఊడిన సంగతి తెలియకూడదని విశ్వనాథ్ పంతం. భార్య రాధారాణి చేత, నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆఫీసువాళ్ళే ఇంటినుంచి పని చెయ్యమన్నారని తల్లికి చెప్పాడు. ఆవిడ గరాజ్‌లోకి తొంగిచూసినప్పుడల్లా హెడ్‌సెట్ తగిలించుకుని, "ఎస్, ఎస్, ఐ విల్ చెక్" అంటూ మడ్‌గార్డ్‌తో మీటింగ్ పెట్టేవాడు. నవ్వాపుకోలేక నేనోసారి లప్పం డబ్బా తన్నేశాను.

ఆవిడ ప్రయాణం దగ్గరపడుతుండగా కారంతటికీ ప్రైమర్, అంటే రంగు కింద వేసే పూత, కొట్టాడు. మర్నాడు తెల్లరంగు వెయ్యాలి. ప్రైమర్ తడిని పీల్చేస్తుందని, దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పొద్దున్నే స్ప్రే గన్ ఇద్దామని నేను వెళ్ళేసరికి అతను గరాజ్‌లో కొయ్యబారి నిలబడివున్నాడు. బోనెట్ మీద తడి పసుపుతో ఇంత స్వస్తిక్, కుంకుమ బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు, తలుపు మీద కొబ్బరినీళ్ళ చారలు. పక్కనే హారతి పళ్ళెంతో శేషమ్మగారు. తెల్లరంగులోంచి ఆ గుర్తు లీలగా పైకి తేలిందా, దాన్ని నాజీ గుర్తనుకునే ఈ దేశంలో ఆ కారు కొనేవాడే ఉండడు.

"ఎవరు చెయ్యమన్నారమ్మా నిన్ను?" అని అరిచాడు విశ్వనాథ్. అతని గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

ఆవిడ పళ్ళెం కింద పెట్టారు. "కొత్త పని మొదలెడుతున్నావు కదా నాన్నా. బొట్టు పెట్టొద్దూ?"

"కొత్త పనేంటి? ఇదేదో సరదాకి..."

"సరదాకి వేళ్ళు కోసుకుంటార్రా ఎవరైనా? మిల్లు మూసేశాక మీ నాన్న కూడా రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరేవారు. సాయంత్రందాకా రైలు స్టేషన్లో కూచుని వచ్చేవారు. ఆయన్నీ అడగలేదు, నిన్నూ అడగలేదు." ఇంట్లోకి ఓసారి చూశారు. "రాధకి తెలుసా?"

తలూపాడు.

"ఈ బాబుకి?"

నేను గరాజ్ కప్పుకేసి చూశాను.

"అంటే నేనొక్కదాన్నే పైదాన్ని."

విశ్వనాథ్ ఏంచెయ్యాలో తోచక ఉప్పు కాగితం ముక్క తీసుకుని బోనెట్ మీద ఆనించాడు. శుభమా అని తల్లి గీసిన గుర్తు మీద చెయ్యి ఆడలేదు.

"గీకెయ్యి, దేవుడేమీ అనుకోడు" అన్నారు ఆవిడ, తిరగేసిన బకెట్ మీద కూర్చుంటూ. "గీకుతూ చెప్పు. ఎప్పుడు పోయింది?"

గీకుతూ చెప్పడం మొదలెట్టాడు. పసుపు లప్పం దాకా దిగిపోయివుంది, అంత తొందరగా వదిలేలా లేదు.