మావయ్య ఊరికే కూర్చున్న చెరువు

ఈ ఉదయం తలుపు తీసేసరికి గేటుకు అరిటాకు పొట్లం ఒకటి వేలాడుతోంది. విప్పితే రోహూ చేప తలకాయ. ఈ బెంగాలీ ఊళ్లో మా తెలుగువాళ్లుండే లిలువా సందు వెనక చెరువులో ఏడాదికోసారి వల వేసినప్పుడు ముక్కలు అన్ని ఇళ్లకూ వెళ్తాయి గాని, పెద్ద చేప తల మాత్రం వంతుల మీద తిరుగుతుంది. బెంగాలీలకు తలకాయంటే ప్రాణం, ఆ వంతు తప్పితే ఊరుకోరు. "ఇన్నేళ్లకు ఈ ఇంటికో తలకాయ వచ్చింది" అన్నారు మా ఆయన, నన్నే చూస్తూ. చేప ఎలాగూ నోరు తెరుచుకునే ఉంది, ఇద్దరం తెరిస్తే బాగుండదని నేను ఊరుకున్నాను.

ఆ తలను కడుగుతుంటే మావయ్య కథంతా మనసులో మెదిలింది. మా అమ్మకు తమ్ముడు. మునిసిపాలిటీలో కాలువల పని చేయించే మేస్త్రీగా రిటైరయ్యాడు గాని, ఆయన చేతులు రిటైరు కాలేదు. ఎవరింటికి వెళ్లినా ముందు కాలువను పలకరించి, తర్వాతే మనుషుల్ని పలకరించేవాడు. క్రిస్మస్‌కు అత్త గుమ్మంలో నక్షత్రం ముగ్గు వేస్తే, ఆయన దాని చుట్టూ బ్లీచింగ్ పౌడరుతో ఇంకో గీత గీసేవాడు. పెద్దవాళ్లెవరైనా వస్తున్నారంటే దారికి రెండు వైపులా తెల్లగీత పడాల్సిందే. అది ఆయన ఉద్యోగం నేర్పిన మర్యాద.

అప్పట్లో ఆ చెరువును చెరువనడం ఒట్టి మొహమాటం. పైనంతా గుర్రపుడెక్క, కింద మన చెత్త. నేనూ నా వంతు సాయం చేశాననుకోండి, కొబ్బరి బొండాల రూపంలో. ఇళ్లు కట్టి అమ్మే ఒక ప్రమోటరు మనుషులు టీకొట్టు దగ్గర చేరి, చచ్చిన చెరువును పూడిస్తే పాపమేముందని అందరికీ నచ్చజెబుతుండేవారు. చాలామందికి నచ్చేది కూడా. నచ్చనివాడు మావయ్య ఒక్కడే. ఆయనా, కాలం చేసిన మా అత్తా బాప్తిస్మం తీసుకున్నది ఆ నీళ్లలోనే. మనవరాలికీ వచ్చే ఈస్టరుకు అక్కడే జరగాలని పట్టు. పాస్టరుగారు చర్చిలో సిమెంటు తొట్టి కట్టిద్దామంటే మండిపడ్డాడు. "తొట్లో నానేయడానికి నా మనవరాలేటి, సెనగలా?"

చెరువు అవతలి ఒడ్డున బెంగాలీ ఇళ్లు. అక్కడి పెద్దావిడను వయసుతో పనిలేకుండా అందరం మాషీమా అనేవాళ్లం, అంటే పిన్నిగారని. మావయ్య వెళ్లి ఆవిణ్ణి కదిపాడు. ఆయనకు నీళ్లు కావాలి, ఆవిడకు చేపలు కావాలి, చెరువు ఒక్కటే. రేవు మెట్ల మీద రెండు ఒడ్డుల వాళ్లూ కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఆదివారాలు అందరూ పనికి దిగాలి. నీళ్లలో ఏది వెయ్యాలన్నా, తియ్యాలన్నా ముందు మెట్ల మీద చెప్పి అందరి మాటా తీసుకోవాలి. మావాళ్లు ప్రార్థన కాగానే, వాళ్లు బజారు కాగానే వచ్చేవారు. గుర్రపుడెక్క ఒడ్డున గుట్టలై, కుళ్లి, ఎరువై అందరి కుండీల్లోకీ చేరింది. చలి తగ్గేనాటికి నీళ్లలో ఆకాశం కనిపించింది. మాషీమా వాళ్లు చేపపిల్లల్ని వదిలారు.

ఈస్టరు దగ్గర పడింది. పెద్దవాళ్లొస్తేనే గీత గీసే మనిషి, సాక్షాత్తూ దేవుడే వస్తుంటే ఊరుకుంటాడా? తెల్లవారకముందే లేచి, ఎవరికీ చెప్పకుండా, చెరువు చుట్టూతా బ్లీచింగ్ పౌడరు చల్లాడు. ఒడ్డున చల్లి ఆగినా బాగుండేది. ఇంత మిగిలిందని నీళ్లలో కుమ్మరించాడు. మధ్యాహ్నానికి చేపపిల్లలన్నీ తెల్లగా వెల్లకిలా తేలాయి. టీకొట్టు దగ్గర ప్రమోటరు మనుషులు మాత్రం చాలా బాధపడ్డారు. "మేం చెబుతూనే ఉన్నాం కదా దాదా, ఇది చచ్చిన చెరువని."

సాయంత్రం మెట్ల మీద అరుపులు. ఇక తెలుగువాళ్లతో పొత్తు వద్దని అవతలి కుర్రాళ్లు, చేపలకోసం మనుషుల్ని అంటారా అని ఇవతలివాళ్లు. నడుమ మావయ్య తువ్వాలు చేత్తో నలుపుతూ లేచాడు. "నానే సేసినాను. మురికి సస్తాదనుకున్నాను. సేపలు సస్తాయనుకోనేదు."

మాషీమా ఆయన్ని అన్నగారూ అన్నట్టు దాదా అనే పిలిచింది. "దాదా, రోజూ పొద్దున్నే వచ్చి ఈ మెట్టు మీద కూర్చోండి. చీపురు పట్టకూడదు. గడ్డిపోచ తియ్యకూడదు. చెరువు తనంతట తను ఏం చేసుకుంటుందో చూసి మాకు చెప్పండి."

"ఊరికే కూకోడమేటమ్మా? అది నాకు రాదు."

"అందుకే ఇది మీకు శిక్ష."

ఆ ఈస్టరుకు తొట్టి సిద్ధమైంది. మనవరాలు దిగనంది. "తాత చెరువు బాగయ్యాకే. అంతదాకా ఆగుతాను" అని పాస్టరుగారికే చెప్పేసింది.

మావయ్య కూర్చున్నాడు. నేను టీ పట్టుకెళ్తే, ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఉండేవాడు, అవి పారిపోతాయేమోనన్నట్టు. "ఇయ్యాలేటి మావయ్యా?" అంటే "ఏటీ నేదు. నీలు కంపు" అనేవాడు. అలా అనగా అనగా ఒకరోజు, "ఒలే, తూనీగొచ్చిందే! నానేటీ సెయ్యనేదు, అదే వొచ్చింది" అన్నాడు ఒట్టేసినంత గట్టిగా. ఈలోగా ఇంకో తమాషా జరిగింది. చెత్త సంచులతో వచ్చేవాళ్లు మెట్టు మీద ఈయన్ని చూసి, సంచి వెనక్కి దాచుకుని, "ఏం దాదా, బాగున్నారా" అని పలకరించి తిరిగి వెళ్లేవారు. శిక్షలో చెయ్యి కదపడం నిషేధం గాని చూపు కదపడం నిషేధం కాదు. నా బొండాలూ ఆ చూపుకే చెత్తబండి ఎక్కాయి.

వానలు పడ్డాయి. కప్పలు సభ పెట్టాయి. మెట్ల మీద అందరినీ అడిగి మళ్లీ చేపపిల్లల్ని వదిలారు; చేతులెత్తమంటే మావయ్య రెండూ ఎత్తాడు. పూజల సెలవులకు ముందు ఒక ఆదివారం మనవరాలు నడుముల్లోతు నీళ్లలోకి దిగింది. పిల్ల మునిగి లేచిన క్షణాన అవతలి ఒడ్డున మాషీమా సంతోషం పట్టలేక శంఖం ఊదేసింది. పాస్టరుగారు ఒక్క నిమిషం తడబడి, ఆమెన్ మాత్రం మామూలుకంటే గట్టిగా అన్నారు. టీకొట్టులో ప్రమోటరు మనుషులు ఆ వేళ ఒట్టి టీ తాగి వెళ్లారు.

తలకాయ కూర గిన్నెలో పెట్టుకుని ఇందాక రేవుకు వెళ్లాను. మావయ్య మెట్టు మీదే ఉన్నాడు. చూపు ఆనడం తగ్గింది. ఇప్పుడు చెరువును చెవులతో కాపలా కాస్తున్నాడు.

"ఇంకా ఎన్నాళ్లు మావయ్యా? శిక్ష ఎప్పుడో అయిపోయుంటుంది."

"అయిపోనాదని ఎవులూ సెప్పనేదు గదే" అన్నాడు, మూత తీసి వాసన చూస్తూ. "మరి నువ్వెల్లి ఆల్ని సెప్పీమనకు."

నేను పక్కన జరిగి కూర్చున్నాను. ఇంటి దగ్గర గిన్నెలు అలాగే ఉన్నాయి. కాలాన్ని ఎప్పుడూ మనమే తోస్తుంటామనుకుంటాం. కాసేపు చేతులు తీసేస్తే, అది తన పని తను చేసుకుంటూ మన పక్కనే కూర్చుంటుంది.